సారథి 175: సొట్ట, కోడిపెట్ట సహా

పాత మోటారు సైకిలును ఇంట్లో బాగుచేసుకోవడం ఎవరికీ అడ్డం రాని పని అని నేను రెండేళ్లపాటు అనుకున్నాను. మా ఆవిడ సుగుణ అభిప్రాయం వేరు. ఆ రెండేళ్లూ మా ఇంట్లో ఇడ్లీ అనేది లేదు, ఎందుకంటే ఇడ్లీ పాత్రలో కార్బురేటరు నానుతోంది. ఆవకాయ జాడీలో చైను ఉంది. ఏడాదికి సరిపడా కొన్న చింతపండు హ్యాండిలు తోమడానికి అయిపోయింది. సుగుణ నాతో మాట్లాడిన మాటల్లో సగం "అది తియ్యండి" అనీ, మిగతా సగం "తీసి ఇక్కడ పెట్టకండి" అనీ.

నా పేరు దేవసహాయం. రామచంద్రపురంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అసిస్టెంటుని. పాడైన వస్తువు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అయితే ఈ బండి నాది కాదు, మా మేనత్త రూతమ్మది. సారథి 175 అంటారు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. 1966లో మిషన్ ఆసుపత్రివాళ్లు ఇరవై రెండేళ్ల మా అత్తకు దీన్ని ఇచ్చి, కాలవగట్టు వెంబడి పన్నెండు ఊళ్లు తిరిగి మశూచి టీకాలు వేసి రమ్మన్నారు. మశూచి పోయాక కూడా వేరే టీకాలతో, మొత్తం ముప్పై ఏళ్లు తిరిగింది. రెండేళ్ల కిందట, ఎనభై దగ్గరపడ్డాక మా ఇంటికి వచ్చేస్తూ, ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, ట్రాక్టరు మీద తాళ్లతో కట్టించిన ఈ బండి తెచ్చుకుంది. అప్పటికి దాని సీటులో ఎలుకలు మూడు తరాలుగా కాపురం చేస్తున్నాయి.

వరండాలో బండి, దాని పక్కన కుర్చీలో అత్త, కింద గోనెపట్టా మీద నేను. ఏ నట్టు ఎటు తిప్పాలో ఆవిడ చెప్పేది, నేను రెండోవైపు తిప్పి తిట్లు తినేవాణ్ణి.

"ఒరే సాయం, నాకు మ్యూజియం అక్కర్లేదురా. దీన్ని నేనే తోలుకుంటా, టీకాలేసిన ఆ గట్టెంబడే చినలంక లాకుల దాకా ఒక్కసారి ఎల్లొస్తాను. అంతే నాకు కావాల్సింది."

ఆ కోరికకు గడువు కూడా ఉంది. అత్తకు ఎడమ మోకాలు మూడేళ్ల కిందటే స్టీలుది వేశారు. ఇంకో మూడు నెలల్లో కుడిది కూడా మారుస్తామని, ఆ తర్వాత బండెక్కే మాట మర్చిపోవాలని డాక్టరు చెప్పేశాడు. కిక్కు కొట్టే కాలు ఇంకా సొంతదే. ఆ కాలు ఉండగానే పని కావాలి.

బండి సిద్ధమైంది. మొదటిసారి ఇంజను అందుకున్నప్పుడు వీధిలో కుక్కలు లేచి వెళ్లిపోయాయి. మడ్‌గార్డు మీద ఉన్న పెద్ద సొట్టను నేను చెక్క సుత్తితో నాలుగు నెలలు కొట్టి కొట్టి నున్నగా చేశాను. అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అద్దం పగిలిన వారం నేను నిజంగానే అలా గీసుకున్నాను.

సరిగ్గా అప్పుడు పేపర్లో ప్రకటన వచ్చింది. యాభై ఏళ్లు దాటిన ప్రతి వాహనాన్నీ ప్రాచీన వాహన యథాపూర్వ స్థితి పరిరక్షణ మండలివారి వద్ద నలభై అయిదు దినములలోగా ధ్రువీకరించుకొనవలెననీ, ధ్రువీకరణ లేనిచో సదరు వాహనమును తుక్కుగా భావించి నలగగొట్టుట జరుగుననీ దాని సారాంశం. ఆ మండలి ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. కాని పుట్టినరోజే ఎనిమిది జిల్లాల్లో ఆఫీసులు తెరిచారు.

మా జిల్లా ఆఫీసు ఒక బట్టల దుకాణం మేడ మీద ఉంది. ప్రాంతీయ యథాపూర్వాధికారి మార్కండేయులుగారు. నలభై ఏళ్ల మనిషి, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు, కుర్చీకి తుండుగుడ్డ. గట్టిగా తుమ్మినా మర్యాదగా తుమ్మేవాడు. ఆయనలో నాకు ఎక్కడా చెడ్డతనం కనిపించలేదు, అదే నన్ను తర్వాత ఎక్కువ బాధపెట్టింది.

"తమరు ఆసీనులు కావచ్చును. వాహనము యొక్క ప్రస్తుత స్థితి ఏమై ఉన్నది?" అన్నాడు.

"కొత్తదానిలా ఉందండి. తుప్పు గీకేసేను. రంగేసేను. మడ్‌గార్డు సొట్ట కూడా తీసేసేను" అన్నాను, శభాష్ అంటాడని.

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. "సొట్ట తీసినారా? ఎవరి అనుమతి మేరకు?"

"సొట్ట తియ్యడానికి అనుమతేంటండి?"

"దేవసహాయంగారూ, కొత్తదానిలా ఉండుట మండలి ఆశయము కాదు. యథాపూర్వ స్థితి మండలి ఆశయము. వాహనము మొదట ఎట్లుండెనో అట్లే ఉండవలెను."

"మొదట ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు సొట్ట లేదు కదండీ."

ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. "ప్రభుత్వ దృష్టిలో వాహనము ఫ్యాక్టరీలో జన్మించదు. రిజిస్టరులో జన్మించును. అంతకు మునుపు అది ఇనుము."

వెంటనే ఆయన గుమాస్తా పరదేశిని పిలిచి 1966 రిజిస్టరు తెమ్మన్నాడు. పరదేశి లోపలికి వెళ్లి, నెత్తిన బూజుతో సహా ఒక పెద్ద పుస్తకం పట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో వాహనాలు తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు ఎవరోగాని మహా నిజాయితీపరుడు. తన కంటికి ఏది కనిపిస్తే అది, దాచకుండా, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో రాసేశాడు. మార్కండేయులుగారు లేచి నిలబడి చదివాడు.

"ఆగస్టు పన్నెండవ తేది. సారథి మోటారు సైకిలు తనిఖీకి తేబడినది. ఒళ్లంతయు కాలవగట్టు బురద. వెనుక మడ్‌గార్డుకు ఎడమ ప్రక్క ఒకటిన్నర అంగుళముల లోతున సొట్ట, గేదె వలన. సీటుపై కాకి రెట్ట. హ్యాండిలుకు ఎర్ర కోడిపెట్ట ఒకటి, సజీవము. తెచ్చినది స్త్రీ."

చదివి పుస్తకం కళ్లకు అద్దుకున్నాడు. "ఇంత సమగ్రమైన నమోదు ఈ జిల్లాలో మరొకటి లేదు. తమరు అదృష్టవంతులు. బురద, సొట్ట, రెట్ట, కోడి. ఈ నాలుగు అంశములను పునరుద్ధరించి కబురు చేయగలరు. మేము తనిఖీకి వచ్చెదము."

"ఇవన్నీ చేసి సర్టిఫికెట్టు వస్తే, బండి తోలుకోవచ్చాండి?" అని అడిగాను. నాకు కావలసిందల్లా అదొక్కటే.

"నిబంధనల మేరకు" అన్నాడు. ఆ మాటకు అవును అని అర్థమనుకుని నేను సంతోషంగా బస్సెక్కాను.

ఇంటికొచ్చి చెబితే అత్త కళ్లజోడు తీసి, నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఆ ఇన్‌స్పెక్టరు నాకు గుర్తున్నాడ్రా. సన్నగా, చీపురుపుల్లలా ఉండేవాడు. దారిలో ఒకామెకి పురుడు పోసి వస్తన్నాను. ఆ కోడి ఆళ్లిచ్చిందే. వద్దంటే ఇనకుండా హ్యాండిలుకి కట్టేసేరు. గట్టు దిగుతుంటే గేదె ఎనక నుంచి ఒకటిచ్చింది. ఆ అవతారంతోనే ఆఫీసుకెళ్లేను. ఆయన మొహం మారకుండా అన్నీ రాసుకున్నాడు."

నేను పని మొదలుపెట్టాను. నాలుగు నెలలు కొట్టి తీసిన సొట్టను మళ్లీ కొట్టాలంటే ప్రాణం ఒప్పలేదు. కళ్లు మూసుకుని రోకలితో ఒక్క పోటు పొడిచాను. స్కేలు పెట్టి చూస్తే కచ్చితంగా ఒకటిన్నర అంగుళం. ల్యాబులో పనిచేసే మనిషిని, కొలతలో తప్పు రాదు. ఫోటో తీసి మండలికి పంపాను. మూడో రోజున జవాబు వచ్చింది: "తాము పంపిన సొట్ట రోకలి వలన సంభవించినట్లు కనబడుచున్నది. నమోదులో గేదె అని ఉన్నది. సవరించగలరు."

మా వీధి చివర పాలు పోసే వీర్రాజుకు నాలుగు గేదెలున్నాయి. సొట్ట సాపు చేసి, బండిని నడిపించుకుంటూ వాళ్ల పాకకు తీసుకెళ్లాను. విషయం చెబితే వీర్రాజు చేతిలో పాల చెంబు కింద పెట్టాడు.

"ఆయ్, మేష్టారు. పొడవమంటే పొడుత్తాదాండి అది? దానికి కోపం రావాలి కదండి. ఇది సూడి గేదండి, దీనికి ఇప్పుడు కోపం రాదు. అదిగో ఆ మూలదానికి వత్తాదిగాని, అది మనుషుల్నే పొడుత్తాదండి, బళ్ల జోలికెళ్లదు."

మూడు రోజులు బండి ఆ పాకలోనే ఉంది. గేదెలు దాన్ని వాసన చూశాయి, నాకాయి, దానికి వీపు రుద్దుకున్నాయి. ఒకటి దాని నీడలో పడుకుంది. పొడవలేదు. చివరికి మండలి ఒక సవరణ ఉత్తర్వు ఇచ్చింది. పశువు సహకరించని పక్షంలో, పశువు సమక్షంలో, పశువు యజమాని సాక్షి సంతకంతో, రోకలి వాడవచ్చును. పరదేశి ప్రత్యేకంగా వచ్చి, గేదె మొహం బండివైపు తిరిగి ఉన్నట్లు నిర్ధారించుకుని, "ఊఁ, ఇప్పుడు" అన్నాడు. నేను పొడిచాను. గేదె నెమరేస్తూ చూసింది. వీర్రాజు సంతకం పెట్టాడు.

కోడిపెట్ట విషయంలో రంగు మీద రెండు ఉత్తరాలు నడిచాయి. ఎరుపు అంటే ఏ ఎరుపు అని. ఎర్ర నేలమీద నిలబెడితే కనిపించనంత ఎరుపు అని తేలింది. చినలంక కాలవగట్టు నుంచి రెండు బస్తాల బురద మోసుకొచ్చి, అంత మెరిసే బండికి నా చేతులతో నేనే పూశాను. ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు.

కష్టమంతా కాకితోనే. బండిని పెరట్లో వేపచెట్టు కింద పెట్టాను. కాకులు చెట్టంతా ఉన్నాయి. అవి నా చొక్కా మీద వేశాయి, సుగుణ ఆరేసిన దుప్పటి మీద వేశాయి, పక్కింటివాళ్ల వడియాల మీద వేసి మాకు తగువు తెచ్చిపెట్టాయి. సీటు మీద మాత్రం వెయ్యలేదు. కాకులకు అన్నం పెట్టే ఆచారం మాలో లేదు. అయినా విస్తరి వేసి, గారెలు వండించి, పప్పు కలిపి పెట్టి, దణ్ణం పెట్టుకుని పక్కకు వెళ్లాను. అయిదో రోజు ఉదయం అత్త వరండాలోంచి కేక వేసింది. "ఒరే సాయం, దేవుడు మేలు చేసేడ్రా. రా, వచ్చి చూడు." నేను పరిగెత్తాను. ఒక పక్షి విసర్జనకు అంతగా పొంగిపోతానని జీవితంలో అనుకోలేదు.

తనిఖీ రోజున మార్కండేయులుగారు, పరదేశి జీపులో దిగారు. బురద తడిమి చూశారు. సొట్టలో స్కేలు పెట్టారు. రెట్టను భూతద్దంలో చూసి, "కాకిదే" అని పరదేశి ధ్రువీకరించాడు. కోడి సజీవంగా ఉందని నిరూపించడానికి కోడి స్వయంగా ముందుకొచ్చి ఆయన ఫైలును పొడిచింది. మార్కండేయులుగారి మొహం వెలిగిపోయింది. సంతకం చేయడానికి ఆకుపచ్చ పెన్ను తీసి, చివరిసారి రిజిస్టరు చదివి ఆగిపోయాడు.

"అయిదవ అంశము ఉన్నది. తెచ్చినది స్త్రీ."

"అది నేనే" అంది అత్త కుర్చీలోంచి.

ఆయన అత్తకు నమస్కరించాడు. తర్వాత ఆవిడ చుట్టూ ఒకసారి, బండి చుట్టూ తిరిగినట్లే తిరిగాడు. "అమ్మా, మీ యొక్క భాగములన్నియు అసలువేనా?"

నాకు ఒళ్లు మండింది. "ఏం మాటండి అది, పెద్దావిడతో" అన్నాను. అత్త చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆసుపత్రిలో పనిచేసిన మనిషికి ఇలాంటి ప్రశ్నలు కొత్త కాదు.

"ఎడమ మోకాలు స్టీలుది బాబూ. పైపళ్లు కట్టించినయ్యి. కళ్లలో అద్దాలేసేరు, రెండిట్లోనూ. మిగతాదంతా దేవుడిచ్చిందే."

పరదేశి రాసుకున్నాడు: ఎడమ మోకాలు మార్పు, దంతములు మార్పు, నేత్రములు మార్పు, వయస్సు యాభై తొమ్మిది సంవత్సరములు అదనము. మార్కండేయులుగారు వేళ్లమీద లెక్కవేసి నిర్ణయం చెప్పాడు. వాహనము నూరు శాతము యథాపూర్వము. స్త్రీ అరవై శాతము. కనుక రెండింటికీ కలిపి ధ్రువీకరణ ఇవ్వవచ్చును. అయితే స్త్రీ యొక్క మిగిలిన అసలు భాగములు ఇకమీదట చెడకుండా చూడవలెను.

"అంటే వచ్చే నెల కుడి మోకాలు ఆపరేషను ఉందండి" అంది సుగుణ.

"అసంభవము. అది అసలు భాగము. తొలగించుట నేరము."

"మరి బండి? తోలుకోవచ్చన్నారు కదండీ" అని నేను అడిగాను.

"నడిచినచో అరుగును. అరిగినచో యథాపూర్వము కాదు. నిబంధనల మేరకు అని నేను ముందే మనవి చేసినాను."

సాయంత్రానికి మా వరండాలో నాలుగు ఇత్తడి స్తంభాలు, వాటికి ఎర్ర తాడు వచ్చాయి. తాడు లోపల బండి, కోడి, కుర్చీలో అత్త. ముందు ఒక బోర్డు: "రక్షిత వాహనము. చోదకురాలు సహా. తాకరాదు. సందర్శన వేళలు పది నుండి అయిదు." నన్ను గౌరవ కాపలాదారుగా నియమిస్తూ ఉత్తర్వు కూడా ఇచ్చారు. ఆ ఉత్తర్వు ప్రకారం నా సొంత వరండాలోకి నేను సాయంత్రం అయిదు తర్వాత రాకూడదు.

మొదటి రెండు రోజులు అత్తకు సరదాగానే ఉంది. మూడు స్కూళ్ల పిల్లలు వరసగా వచ్చారు. అత్త వాళ్ల గోళ్లు చూసి, చెవులు చూసి, ఇద్దరిని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లమంది. ఒక పంతులమ్మ "చూడండి పిల్లలూ, ఈ మామ్మగారు 1966 మోడలు" అని చెప్పింది. మూడో రోజు నుంచి మండలివారు ఆవిడ ఆహారం మీద పడ్డారు. 1966లో ఏమి తిన్నారో అదే తినవలెనట. రాగిజావలాంటి చోళ్లంబలి, మామిడికాయ బద్ద. సుగుణ ఉప్మా తీసుకెళితే పరదేశి తాడు దగ్గర ఆపేశాడు. వాళ్లిద్దరికీ జరిగిన వాదనలో సుగుణ గెలిచింది, ఉప్మా మాత్రం చల్లారిపోయింది.

పదో రోజున అత్త మాట్లాడ్డం మానేసింది. సందర్శకులు ఏమడిగినా బండివైపు చూస్తూ కూర్చుంది. సాయంత్రం నేను తాడుకు ఇవతల నుంచి పలకరించాను.

"నేను తొందరపడి ఆ ఆఫీసుకి ఎళ్లకుండా ఉండాల్సింది అత్తా."

"నీ తప్పేం లేదులేరా. బాగుచేసేవు. చప్పుడు కూడా అదే చప్పుడు." కుడికాలు ముందుకు చాచింది. "దీనికి తాడు కట్టేరని కాదురా నా బాధ. ఈ కాలు పనిచేస్తన్నప్పుడే కట్టేరు చూడు. అది."

ఆవిడ కుడి మోకాలు చేత్తో రుద్దుకుంటోంది. రెండేళ్లు నేను నట్లూ బోల్టులూ బిగించింది ఈ కాలు కోసమేనని అప్పుడే నాకు సరిగ్గా తెలిసింది.

మర్నాడు మార్కండేయులుగారు వారపు తనిఖీకి వచ్చినప్పుడు అత్త నోరు విప్పింది. "బాబూ, ఆ పుస్తకం మీరు పూర్తిగా చదివేరా?"

"అవసరమైన మేరకు చదివినాము అమ్మా."

"నేనాయన ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన పేజీ తిప్పడం చూసేను. నేనొచ్చేసేటప్పటికీ ఇంకా రాస్తానే ఉన్నాడు. కలం సిరా అయిపోతే నా కలం అడిగేడు."

మార్కండేయులుగారు వెంటనే ఫోను చేశాడు. పరదేశి రిజిస్టరును జీపులో, గుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పేజీ తిప్పారు. ముత్యాల్లాంటి అక్షరాలు అవతలివైపు కూడా ఉన్నాయి. ఆయన నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో కుర్చీ కోసం చెయ్యి చాచాడు.

"పరీక్షార్థము నడిపి చూపుమనగా స్త్రీ వాహనమును నడిపినది. చప్పుడు అధికము. కార్యాలయము చుట్టూ మూడు చుట్లు తిరిగినది. ఆపుమంటిని. ఆపలేదు. మరల ఆపుమంటిని. ఆపలేదు. సాయంకాలము నాలుగు గంటలకు వాహనము, స్త్రీ, కోడి, కాలవగట్టు వైపు పోయినవి."

మార్కండేయులుగారికి చెమట పట్టింది. నిజానికి ఆయన కష్టం నాకు అర్థమైంది. పోయినది అని రాసి ఉన్న వాహనం మా వరండాలో ఉంది. పదకొండు రోజులుగా, మండలివారి తాడులోనే, మండలివారి బోర్డు కిందే, యథాపూర్వ స్థితికి విరుద్ధంగా ఉంది.

"పరదేశీ, సమయమెంత?"

"మూడున్నరండి."

"తాడు తీయుము."

ఒక చిక్కు వచ్చింది. కార్యాలయం చుట్టూ మూడు చుట్లు తిరగాలి. 1966 నాటి ఆఫీసు పడగొట్టి చాలా కాలమైంది. ఇప్పటి ఆఫీసు బట్టల దుకాణం మేడ మీద ఉంది, అదీ పాతిక మైళ్ల దూరంలో. పరదేశి నిబంధనల పుస్తకం తిరగేసి, కార్యాలయము అనగా అధికారి ఎక్కడ ఆసీనుడై ఉండునో ఆ స్థలము అని కనిపెట్టాడు. వెంటనే మా కుర్చీ ఒకటి తీసుకెళ్లి వీధి మధ్యలో వేశారు. మార్కండేయులుగారు ఫైలు ఒళ్లో పెట్టుకుని, ఎండలో, నడివీధిలో ఆసీనుడయ్యాడు. వీర్రాజు గేదెల్ని పక్కకు తోలాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

అత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపింది. నేను భుజం ఇచ్చాను. స్టీలు కాలు నేలమీద ఆనించి, సొంత కాలితో కిక్కు కొట్టింది. అందుకోలేదు. రెండోసారీ అందుకోలేదు. మూడోసారీ అంతే. నాలుగోసారి కాలు మొత్తం బరువు వేసి తొక్కింది. సారథి దగ్గి, పొగ కక్కి, వీధి దద్దరిల్లేలా లేచింది. కోడి హ్యాండిలు మీద రెక్కలు కొట్టుకుంది.

నేను వెనక ఎక్కబోయాను. మార్కండేయులుగారు కుర్చీలోంచి చెయ్యెత్తాడు. "వెనుక వ్యక్తి నమోదులో లేడు."

రెండేళ్ల పని చేసినవాణ్ణి నేను. అయినా వాదిస్తే నాలుగు దాటిపోతుందని దిగేశాను.

అత్త బయలుదేరింది. మొదట బండి కొంచెం ఊగింది, సుగుణ నా చెయ్యి గిల్లింది. తర్వాత నిలదొక్కుకుంది. ఆయన చుట్టూ ఒక చుట్టు. ఆయన ఫైలులో టిక్కు పెట్టుకున్నాడు. రెండో చుట్టు, టిక్కు. మూడో చుట్టు. ఆయన గొంతు సవరించుకుని, "ఆపుము" అన్నాడు. అత్త ఆపలేదు. "మరల చెప్పుచున్నాను, ఆపుము" అన్నాడు, ఆపేస్తుందేమోనన్న భయంతో. ఆవిడ ఆయనవైపు చూడకుండానే గేరు మార్చి, సందు మలుపు తిరిగి, కాలవగట్టు వైపు వెళ్లిపోయింది. మార్కండేయులుగారు "పోయినది" అని ఆకుపచ్చ సిరాతో రాసి, సంతకం చేసి, తలెత్తాడు. అంత తృప్తి ఒక మనిషి మొహంలో నేను చూడలేదు.

నేను సుగుణ స్కూటీ తీస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచాడు. "దేవసహాయంగారూ, వాహనము తిరిగి వచ్చినట్లు రిజిస్టరులో ఎక్కడా లేదు. దయచేసి రాకుండా చూచుకొనగలరు."

స్కూటీ మీద నేను అత్తకు అర ఫర్లాంగు వెనకే ఉన్నాను. సారథి చప్పుడు కాలవ మీదుగా ముందు పోతోంది, అత్త దాని వెనక పోతోంది. గట్టు మీద కుర్రవాళ్లు ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. పొలం గట్టున తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటున్న ఒక ముసలాయన మాత్రం చప్పుడు వినగానే, వెనక్కి తిరిగి చూడకముందే, కుడిచేత్తో తన ఎడమ జబ్బ పట్టుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఇంకొంచెం దూరం పోయాక రేవులో బట్టలు ఉతుకుతున్న ఒక మామ్మ లేచి నిలబడింది. ఆవిడ చెయ్యి కూడా ఎడమ జబ్బ మీదికే వెళ్లింది. ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. అరవై దాటిన ప్రతివాళ్లూ, ఎవరో వెనక నుంచి పట్టుకోబోతున్నట్టు, జబ్బ మూసుకుంటున్నారు.

లాకుల దగ్గర అత్త బండి ఆపింది. ఇంజను ఆర్పకుండా, రెండు కాళ్లూ నేలకు ఆనించి, ఎగువకు చూస్తూ నిలబడింది. నీళ్లు లాకు తలుపుల కింద నుంచి దూకుతున్నాయి. నేను స్కూటీ ఆపి దూరంగానే ఉన్నాను. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు, నావైపు చూసేవాళ్లెవరూ లేరు.

టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్న ఒకాయన గ్లాసు కింద పెట్టి లేచాడు. డెబ్భై ఉంటాయి, నడుం వంగింది. జబ్బ పట్టుకునే, జాగ్రత్తగా, రెండడుగులు వేసి ఆగాడు.

"టీకాలమ్మా, నువ్వేనా? నాకు ఏసేసేవు కదే. అప్పుడెప్పుడో ఏసేసేవు."

అత్త కళ్లజోడు సవరించుకుని ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఏసేసేనో లేదో నేను చూడాలిగా. ఏదీ, చొక్కా పైకెత్తు."

ఆయన చిన్నపిల్లాడిలా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ముడతలు పడిన జబ్బ మీద, రూపాయి బిళ్లంత మచ్చలు రెండు, పక్కపక్కన. అత్త బండి దిగకుండానే వంగి, బొటనవేలితో ఒక మచ్చను మెల్లగా తడిమింది, తర్వాత రెండోదాన్ని. ఆయన నొప్పి పుడుతుందేమోనని కళ్లు మూసుకున్నాడు.

"బాగానే పట్టింది" అంది అత్త.